గొంతు సవరించుకున్న రేడియో!

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు మోసుకొచ్చింది హ్యామ్ రేడియోనే. అలాంటి వేళ మాట స్పష్టంగా వినపడకపోతే సెట్టు ఉన్నా లేనట్టే.

హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన 'బిట్‌ఎక్స్' లాంటి సెట్లను ఇంట్లో తయారుచేసుకునేవారికి అసలు పరీక్ష ఇదే. మాట అర్థం కావడానికి 300 నుంచి 3000 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనులు చాలు. క్రిస్టల్ ఫిల్టర్ దాదాపు అంతవరకే పంపుతుంది. బీఎఫ్‌ఓ అనే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ ఫిల్టర్ అంచుకు దూరమైతే గొంతు పీలగా, మరీ దగ్గరైతే ముద్దగా మారుతుంది. అందుకే యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించి, పక్కనున్న మరో రిసీవర్లో హెడ్‌ఫోన్స్‌తో వింటూ ట్రిమ్మర్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి. మైక్ గెయిన్ పెంచేస్తే మాట పగిలిపోతుంది.

అవతలివారు 'మళ్లీ చెప్పండి' అనడం లేదా... సెట్టు సిద్ధమైనట్టే!