ఒకరి తప్పిదము – ఊరంతటికి నిషేధము



క్రిస్మస్ పండుగ గడిచిన పిదప ఒక శనివారము సాయంకాలము మా సంఘ సహోదరి ఒకరు కన్నీళ్లతో మా ఇంటికి వచ్చిరి. "అయ్యగారూ, మా ఇంటి నంబరును బ్యాన్ చేశారంట. పోలీసోళ్లు వస్తారా?" అని అడిగిరి. ఏ నంబరో, ఏ బ్యానో మాకును మొదట బోధపడలేదు. ప్రార్థన చేసి పంపివేసి, మరునాడు ఆరాధన ముగిసిన తరువాత వారి ఇంటికి వెళ్లితిమి.

వారి పెద్ద కుమారుడు ఖతార్ దేశములోని దోహాలో పని చేయుచున్నాడు. చిన్నవాడు తొమ్మిదవ తరగతి. శుక్రవారము అక్కడ సెలవు గనుక మన వేళ ప్రకారము రాత్రి 8 గంటలకు, అనగా అక్కడ సాయంకాలము 5.30కి, అన్నదమ్ములిద్దరు మైన్‌క్రాఫ్ట్ అను ఆటలో కలిసికొందురు. ఫోనులో అయితే "తిన్నావా, చదువుతున్నావా" అనుటతోనే మాటలు అయిపోవును. ఆటలో ఇద్దరు కలిసి గోడ కట్టుచు గంటసేపు మాటలాడుకొందురు. ఆ గంట ఆగిపోయెను. వారి ఐపీ అడ్రసు ఆ సర్వరునుండి నిషేధింపబడినదని తెరమీద ఇంగ్లీషులో వచ్చుచున్నది. తండ్రి ఆ బ్యాన్ అను మాట చూచి, కొడుకేదో దొంగపని చేసెనని తలంచి, బెల్టుతో కొట్టి, పెద్దవాడు పంపిన ల్యాప్‌టాప్‌ను ట్రంకు పెట్టెలో పెట్టి తాళము వేసెను. "నేనేం చెయ్యలేదు నాన్నా" అనుట తప్ప పిల్లవాడు మరేమియు చెప్పలేకపోయెను.

మేము కంప్యూటరు చదివినవారము కాము. ఇంజనీరింగు చదివిన మా యౌవన సహోదరుడొకడు ఓపికతో చెప్పగా గ్రహించినది వ్రాయుచున్నాము.

ఉత్తరమునకు ఇంటి చిరునామా ఎట్లో, ఇంటర్నెట్టులో ఐపీ అడ్రసు అట్టిది. పాత పద్ధతిలో అది నాలుగు అంకెల కూర్పు. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండును. అన్ని విధములుగా కూర్చినను దాదాపు 429 కోట్ల అడ్రసులే వచ్చును. అవి లోకమునకు చాలలేదు. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిలువలోని చివరి భాగములను కూడ పంచివేసిరి. అందువలన కేబులువారును సెల్‌ఫోను కంపెనీలును ఒకే అడ్రసు వెనుక అనేక ఇండ్లను ఉంచుచున్నారు. సత్రమునకు ఒకే వీధి తలుపు, లోపల వంద గదులు ఉన్నట్లన్నమాట. క్రొత్త పద్ధతి ఐపీవీ6లో అడ్రసులకు కొదువ లేదు గాని ఆటల సర్వర్లు అనేకము ఇంకను పాత తలుపునే చూచుచున్నవి.

సర్వరు నడుపువారిని మేము నిందించుట లేదు. వారిలో అనేకులు జీతము లేకుండ, చదువుకొనుచు, రాత్రులు కావలి కాయు పిల్లలే. ఒక పేరును నిషేధించిన, వాడు మరియొక పేరుతో వచ్చును. ఆట కొనకుండ దొంగ కాపీతో ఆడువారిని రానిచ్చు సర్వర్లలో ఎవడైనను ఏ పేరైనను పెట్టుకొనవచ్చును గనుక అక్కడ అడ్రసే దిక్కు. (దొంగ కాపీలను గూర్చి మరియొక సంచికలో వ్రాయవలసియున్నది.) మైన్‌క్రాఫ్ట్‌లో మనిషి పేరుకు ఒక నిషేధము, ఐపీ అడ్రసుకు ఒక నిషేధము, రెండు వేరువేరు జాబితాలు. తెరమీది మాటను నిదానముగా చదివినయెడల ఏది తగిలినదో తెలియును. ఆ తండ్రి చదివినది ఒక్క మాటనే.

అడ్రసు నిషేధములోని లోపమిదే: అది మనిషిని ఎరుగదు. కొన్ని చోట్ల రూటరును ఆపి మరల వేయగానే అడ్రసు మారును. తప్పు చేసినవాడు తప్పించుకొనును, ఆ అడ్రసు తరువాత ఎవరి వంతుకు వచ్చునో వాడు చిక్కుకొనును. మా ఊరిలో రాత్రంతయు ఆపి చూచినను మారలేదు. అప్పుడు ఆ సహోదరుడు రూటరు పేజీ తెరచి చూపెను. అక్కడి అడ్రసు 100.72 అని మొదలగుచున్నది. 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలను 2012లో ఇట్టి ఉమ్మడి కనెక్షన్ల నిమిత్తమే ప్రత్యేకించిరట. ప్రక్క వీధిలోని సంఘపెద్ద మనుమడును అదే ఆట ఆడునని విని వానిని పిలిపించితిమి. పండుగ తరువాత వానికిని అదే మాట వచ్చుచున్నది. కొట్టుదురేమోనని ఇంట చెప్పలేదు. ఆ బాలుడు ఈ ఇంటి ల్యాప్‌టాప్‌ను ముట్టియు ఎరుగడు.

మరి తప్పెవరిది? పండుగ సెలవులకు వచ్చిన పెద్దమ్మ కుమారునిది. హాస్టలుకు ఫోను చేయగా కొంత తడవు మౌనముగా ఉండి ఒప్పుకొనెను. ఎక్స్‌-రే అను మోసమున్నదట. దానితో ఆటలోని రాయి గాజువలె కనబడును, వజ్రములున్న చోటికి నేరుగా త్రవ్వుకొని పోవచ్చును. కావలివారు గమనించి వాని పేరును నిషేధించిరి. క్రొత్త పేరుతో మరల వచ్చెను. అప్పుడు అడ్రసునే మూసివేసిరి. వాడు హాస్టలుకు వెళ్లిపోయెను, దెబ్బలు తమ్మునికి పడినవి. తండ్రి విని ఏమియు మాటలాడలేదు. లేచి వెళ్లి ట్రంకు పెట్టె తాళము తీసెను.

ఇట్టిది ఒక దేశమునకే జరిగినది. అదియు ఆ పెద్ద కుమారుడున్న ఖతార్‌లోనే. 2007 జనవరి 1వ తేదీన, ఎవరో చేసిన అల్లరిని బట్టి వికీపీడియా కావలివారు ఒక ఐపీ అడ్రసును అడ్డగించిరి. ఆ దినములలో ఖతార్ దేశస్థులందరు దాదాపు ఆ ఒక్క అడ్రసు ద్వారానే వచ్చుచుండిరి. చదువుటకు ఆటంకము లేదు గాని, ఖాతా లేనివారికి వ్రాయుటకు వీలులేకపోయెను. తెలిసికొని కొద్ది గంటలలోనే సవరించిరి. ఆదికాండము 18వ అధ్యాయములో అబ్రాహాము యాభైమందితో మొదలుపెట్టి పదిమంది వరకు దిగి బ్రతిమాలుకొనినది ఆ రాత్రి మాకు జ్ఞాపకము వచ్చెను. లోపలివారిని లెక్కింపుమని అడుగువాడొకడు ఉండవలెను గదా!

వీపీఎన్ పెట్టిన దారి మారి లోపలికి పోవచ్చునని సంఘపెద్ద మనుమడు చెవిలో చెప్పెను. మేము వద్దంటిమి. నిషేధమును దాటి వచ్చుటను అనేక సర్వర్లు మరియొక నేరముగా ఎంచును. అప్పుడు నిర్దోషియు దోషియగును. పైగా ఉచితముగా దొరకు వీపీఎన్లలో కొన్ని మన రాకపోకలను చూచి అమ్ముకొనును. ఉత్తరము వ్రాయుటయే మార్గమని చెప్పితిమి.

పెద్దవాడు దోహానుండి ఇంగ్లీషు సాయము చేసెను. ఆటలోని పేరు, తెరమీద వచ్చిన మాట ఉన్నదున్నట్లు, తేదీ, భారత కాలమానముతో గంట, ఊరంతటికి ఒకే అడ్రసను సంగతి, తమ ఇంటినుండే ఒకడు మోసము చేసెనను ఒప్పుకోలు, ఆ పేరును ఉంచి అడ్రసును విడువమను మనవి. అంతే, పది పంక్తులు. ఐపీ అడ్రసును అందరు చూచు చోట వ్రాయవద్దనియు, ఎవరడిగినను ఆధార్ కార్డు ఫొటో పంపవద్దనియు మేము చెప్పితిమి. ఆ ఒప్పుకోలు వ్రాయుటకు తండ్రి మొదట ఇష్టపడలేదు, బంధువుల పరువు పోవునని. అది లేనియెడల ఉత్తరములో సత్యము సగమే యుండునని కొంత గట్టిగానే అనవలసి వచ్చెను.

తొమ్మిదవ దినమున జవాబు వచ్చెను. ఆ కావలివాడు తానును విద్యార్థినేనని వ్రాసి, నిషేధమును ఎత్తివేసెను. అందుకు సర్వరులో వ్రాయవలసిన ఆజ్ఞ 'పార్డన్-ఐపీ' యట. పార్డన్ అనగా క్షమాపణయే.

పెద్దమ్మ కుమారుని పేరు మాత్రము ఇంకను జాబితాలోనే యున్నది. వాడు తన ఉత్తరము తానే వ్రాసి, తప్పులు దిద్దుమని మాకు పంపెను. తప్పులతోనే పంపుమంటిమి.

పోయిన శుక్రవారము రాత్రి ఆ దారిన వచ్చుచు తొంగి చూచితిమి. చిన్నవాడు గోడ కట్టుచున్నాడు. తండ్రి ప్రక్కన స్టూలు వేసికొని కూర్చుండి, "అన్న ఏడిరా? ఆ ఎర్ర చొక్కా వాడేనా?" అని అడుగుచున్నాడు.