పాఠం 9: పెట్రోలు ఎక్కడ ఆగింది?

9.1 పరిచయం

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 పెట్రోలు కార్లలో ఇంజనుకు ఇంధనం అందించేది కార్బురేటరు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, ఇలాంటి కార్లు మరమ్మతుకు ఇప్పటికీ వస్తుంటాయి. కారు దారిలో దగ్గి ఆగిపోగానే చాలామంది ముందుగా కార్బురేటరు విప్పుతారు. అది తొందరపాటు. లోపం అంతకు ముందే, ట్యాంకు మూతలోనో పంపులోనో ఉండవచ్చు. పెట్రోలు ఎంతవరకు వచ్చి ఆగిందో వరుసగా కనిపెట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

9.2 పెట్రోలు నడిచే దారి

ట్యాంకు → పైపు → పంపు → కార్బురేటరు. ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఫిల్టరు ఉంటుంది. పంపులో డయాఫ్రం అనే పలుచని పొర ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు ఆ పొర పైకీ కిందికీ కదిలి, ట్యాంకు నుంచి పెట్రోలును లాగి కార్బురేటరులోని ఫ్లోట్ గదిలోకి నెడుతుంది. గది నిండగానే ఫ్లోట్ తేలి, నీడిల్ వాల్వును మూస్తుంది.

9.3 ముందు జాగ్రత్త

పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ఇంజను చల్లారాక, ఆరుబయట మాత్రమే పని చేయండి. బీడీ, సిగరెట్టు, దీపం దగ్గరకు రానీయకండి. పక్కన బకెట్టుతో ఇసుక ఉంచుకోండి. పెట్రోలు మంటపై నీళ్ళు పోయకూడదు. పెట్రోలు నీటిపై తేలి మంట మరింత పాకుతుంది. పైపును నోటితో ఎన్నడూ పీల్చకండి.

9.4 పరీక్షించే వరుస

(1) ప్లగ్గు: స్టార్టరు కొంతసేపు తిప్పి, ఒక ప్లగ్గు విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా స్పార్కు రావడం లేదు.

(2) ట్యాంకు: గేజిని నమ్మకుండా పెట్రోలు ఉందో లేదో చూడండి. కొన్ని కార్లలో గాలి లోపలికి వెళ్ళే రంధ్రం మూతలోనే ఉంటుంది. అది మూసుకుపోతే కారు కొంతదూరం నడిచి ఆగుతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతే లోపం అదే.

(3) పంపు: కాయిల్‌కు వచ్చే సన్నతీగను తీసి, కొనకు టేపు చుట్టండి. కార్బురేటరు దగ్గర పైపు ఊడదీసి, కొనను డబ్బాలో ఉంచి స్టార్టరు తిప్పించండి. పెట్రోలు ఆగి ఆగి, జోరుగా చిమ్మాలి. చిమ్మకపోతే పంపులోకి వచ్చే పైపును ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి, సైకిలు పంపుతో ట్యాంకు వైపు గాలి కొట్టండి. ట్యాంకులో బుడగల చప్పుడు వినిపిస్తే పైపు బాగుంది, పంపునే అనుమానించాలి. డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిలులోకి దిగవచ్చు. ఆయిలు పుల్లకు పెట్రోలు వాసన వస్తే ఇంజను నడపకండి. పంపు బాగుచేసి, ఆయిలు మార్చాలి.

(4) కార్బురేటరు: పంపు బాగుంటేనే దీన్ని ముట్టుకోండి. నీడిల్ వాల్వు మూసుకొని ఇరుక్కుంటే పెట్రోలు రాదు, తెరుచుకొని ఇరుక్కుంటే పొర్లుతుంది. స్క్రూడ్రైవరు పిడితో గదిపై మెల్లగా తడితే ఒక్కోసారి వదులవుతుంది. జెట్టు మూసుకుపోతే గాలితో ఊదాలి. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

9.5 ఎండ, ఇథనాల్

ఎండాకాలం ఘాట్ ఎక్కుతుండగా ఆగిన కారు, చల్లారాక మామూలుగా కదిలితే, పైపులోనో పంపులోనో పెట్రోలు ఆవిరై ఉండవచ్చు. దీన్ని వేపర్ లాక్ అంటారు. పంపుపై తడిగుడ్డ కప్పి, కొంతసేపు ఆగితే చాలు.

మన దేశంలో 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాల్ పాతరకం రబ్బరును పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పాత కార్లలో రబ్బరు పైపులను, డయాఫ్రంను ఇథనాల్‌కు తట్టుకొనే రకంతో మార్చడం మంచిది.

పాఠగత ప్రశ్నలు

1. ట్యాంకు మూత తీయగానే గాలి లోపలికి పోతే లోపం ఏమిటి?
2. జెట్టును తీగతో ఎందుకు శుభ్రం చేయకూడదు?
3. ఆయిలు పుల్లకు పెట్రోలు వాసన వస్తే ఏ భాగాన్ని అనుమానించాలి?

జవాబులు: 1. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. 2. రంధ్రం పెద్దదవుతుంది. 3. పంపులోని డయాఫ్రంను.