డిగ్రీ మొదటి ఏడాది: సిగ్గుపడే పిల్లలు ఎలా నెట్టుకురావాలి?

దువ్వూరులో బస్సెక్కితే ఒకవైపు మైదుకూరు మీదుగా కడప. అక్కడ 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. ఇంకోవైపు కర్నూలు. అక్కడ 2016లో మొదలైన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. బస్సెక్కడం సులువే, క్లాసులో నోరు విప్పడమే కష్టం.

మన ఇళ్లలో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని పిల్లలు వెనక బెంచీ ఎంచుకుంటారు. ఇది తెలివి తక్కువై కాదు. కానీ అలాగే వదిలేస్తే క్లాసుకు పోవడమే తగ్గుతుంది. 75 శాతం హాజరు లేకుంటే మామూలుగా పరీక్ష రాయనివ్వరు.

అందరితో కలిసిపోవాల్సిన పని లేదు, మొదటి నెలలో ఒక్క స్నేహం చాలు. పక్కవాళ్లను నోట్స్ అడగడంతో మొదలుపెట్టొచ్చు. సందేహాన్ని కాగితం మీద రాసుకుని, క్లాసు అయ్యాక లెక్చరర్‌ను విడిగా అడగాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే నలుగురితో పనిచేస్తూ మాట అదే వస్తుంది.

ఎవరైనా ర్యాగింగ్ చేస్తే సిగ్గుపడి దాచొద్దు. మన రాష్ట్రంలో 1997 నుంచే దీనిపై చట్టం ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగా కుంగితే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అమ్మీ అబ్బాలకు ఒక మాట: ఫోన్‌లో మార్కుల కంటే ముందు "ఈరోజు ఎవరితో కూర్చుని తిన్నావు?" అని అడగండి. పిల్లలు ఒంటరిగా ఉన్నారో లేదో ఆ జవాబులోనే తెలుస్తుంది.