రెగ్యులేటర్ ‘టక్’మనాలి, ఎందుకు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చాలా వంటిళ్లలో 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ కనిపిస్తుంది. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. దాని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి ఎన్నో రెట్లు. మే ఎండలకు ఇంకా పెరుగుతుంది. పొయ్యి అంత తట్టుకోలేదు. ఆ ఒత్తిడిని బాగా తగ్గించి పంపేదే రెగ్యులేటర్.

సిలిండర్ వాల్వులో స్ప్రింగుతో బిగిసిన చిన్న పిన్ను ఉంటుంది. రెగ్యులేటర్ నాబ్ ఆన్ చేస్తేనే అది కిందికి దిగి గ్యాస్ వదులుతుంది. అందుకే బిగించేటప్పుడు, తీసేటప్పుడు నాబ్ ఆఫ్‌లోనే ఉండాలి. ముందు దీపం, అగరుబత్తి ఆర్పి కిటికీ తెరవాలి. మూత తీశాక వాల్వు లోపల రబ్బరు రింగు ఉందో లేదో చూడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే: రింగు లేకున్నా, చీలినా ఆ సందులోంచి గ్యాస్ లీకవుతుంది. రెగ్యులేటర్ కింది నల్ల పట్టీని పైకెత్తి, వాల్వుపై నిలువుగా కూర్చోబెట్టి, పట్టీ వదిలితే ‘టక్’మంటుంది. అంటే పట్టు కుదిరిందన్నమాట. తీసేటప్పుడు పొయ్యి, నాబ్ ఆపి, పట్టీ ఎత్తి పైకి లాగి, వెంటనే మూత పెట్టాలి.

ఇది పెద్దల పని. మీరు కాస్త దూరంగా నిలబడి గమనించండి. ఈ గ్యాస్‌కు సొంత వాసన దాదాపు ఉండదు, పసిగట్టేందుకే ఘాటైన మెర్‌క్యాప్టాన్ కలుపుతారు. గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. వాసనొస్తే స్విచ్‌లు ముట్టకుండా బయటికొచ్చి, పెద్దలతో 1906కు ఫోన్ చేయించండి.