ప్రేక్షకుని మాట – వీక్షణ లెక్క: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల టెలివిజన్ అభిప్రాయాల అధ్యయనం

వ్యాససంగ్రహం:

నాటి టెలివిజన్ కార్యక్రమాలనూ నేటి కార్యక్రమాలనూ పోలుస్తూ ప్రేక్షకులు వెలిబుచ్చే అభిప్రాయాలను ఎలా అర్థం చేసుకోవాలన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం. ఉత్తరం, రేటింగు, ఓటు అనే మూడు మార్గాల్లో ప్రేక్షకుని అభిప్రాయం నమోదవుతూ వచ్చింది. ఈ మూడింటిలోనూ కొల్లేటి లంకల వంటి చోట్ల నివసించే ప్రేక్షకునికి దక్కిన స్థానం స్వల్పం. అభిప్రాయాన్ని వీక్షణ పరిస్థితితో కలిపి నమోదు చేస్తేనే ఈ లోటు తీరుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టెలివిజన్, ప్రేక్షకాభిప్రాయం, దూరదర్శన్, ధారావాహిక, రేటింగు, కొల్లేరు, ఏలూరు, తాడేపల్లిగూడెం.

1. ప్రవేశిక:

“అప్పటి కార్యక్రమాలు బాగుండేవి, ఇప్పుడు చూడదగ్గవేమున్నాయి?” అనే మాట తెలుగునాట ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. అదే మాట అన్నవారు సాయంత్రం ధారావాహిక వేళకు టీవీ ముందు కూర్చోవడమూ కనిపిస్తుంది. ఈ రెంటిలో ఏది వారి అసలు అభిప్రాయం? ఒకటి మాట, మరొకటి అలవాటు. ఒకదానిని సాక్ష్యంగా చూపి రెండవదాన్ని కొట్టివేయడం సులభమే గాని, పరిశోధకునికి రెండూ అవసరమే.

ఈ చర్చకు ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలను ఎంచుకోవడానికి కారణముంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటి చుట్టూ నగరం, వర్తక పట్టణం, లంక గ్రామం అనే మూడు రకాల జీవనాలు కొద్ది దూరంలోనే కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కొత్త జిల్లాకు ఏలూరు కేంద్రం. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోనే నిలిచింది. అంతవరకూ కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాలో చేరింది. ఒకే చానల్ చూసే ఈ మూడు చోట్ల చూసే వేళ, చూసే తీరు ఒకటి కావు.

2. ఉత్తరం – తొలితరం ప్రేక్షకుని సాక్ష్యం:

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1984లో దేశమంతటా తక్కువ శక్తి గల ప్రసారిణులను వేగంగా నెలకొల్పారు. ఇవి ప్రధానంగా ఢిల్లీ కార్యక్రమాలను అందించేవి. అందువల్ల తెలుగు ప్రేక్షకులలో చాలామందికి తొలి ధారావాహికల అనుభవం హిందీలోనే కలిగింది.

1984 జూలైలో మొదలై 1985 డిసెంబరులో ముగిసిన ‘హమ్ లోగ్’కు సుమారు 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ కనిపించి కథలోని సమస్యపై ప్రేక్షకులతో మాట్లాడేవాడు. తెర మీది మనిషి తమను పలకరించినప్పుడు జవాబు రాయాలని అంతమందికి అనిపించింది. హైదరాబాదు దూరదర్శన్ ప్రసారం చేసిన ‘జాబులు – జవాబులు’ కార్యక్రమం కూడా ప్రేక్షకుల ఉత్తరాల మీదనే నడిచింది. మెప్పు, ఫిర్యాదు, కోరిక అన్నీ కార్డు మీద వెళ్లేవి, తెర మీద వినబడేవి.

ఉత్తరంలో కారణం ఉంటుంది. రాసినవారు తమకేది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెబుతారు. దాని పరిమితి కూడా స్పష్టమే. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత దాదాపు మూడో వంతు మాత్రమే. టీవీ చూడడానికి చదువు అక్కరలేదు, ఉత్తరం రాయడానికి కావాలి. కాబట్టి ఉత్తరాల సంచిలో కనిపించే ప్రేక్షకుడు టీవీ ముందు కూర్చున్న జనమందరికీ ప్రతినిధి కాడు.

3. రేటింగు – లెక్కకు అందినవారు, అందనివారు:

1995లో జెమిని టీవీ, ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాక తెలుగు ప్రేక్షకునికి తన భాషలోనే ఎంపిక దొరికింది. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వ్యాఖ్యాతగా ‘పాడుతా తీయగా’ ప్రారంభమైంది. ‘అమృతం’ (2001–2007), ‘చక్రవాకం’ (2003–2008), ‘మొగలిరేకులు’ (2008–2013) జెమిని టీవీలో ఏళ్ల తరబడి నడిచాయి. ప్రకటనల ధరను నిర్ణయించే రేటింగు ఈ దశలోనే ప్రేక్షకుని మాటకు మారుపేరైంది.

రేటింగు పనిచేసే తీరు తెలిస్తే దాని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. ఎంపిక చేసిన ఇళ్లలో మీటరు అమరుస్తారు. చానల్ ధ్వనిలో చెవికి వినిపించని గుర్తు కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుంటుంది. టీవీ ముందున్న కుటుంబసభ్యుడు తనకు కేటాయించిన బొత్తాం నొక్కాలి. 2020 నాటికి దేశంలో సుమారు 21 కోట్ల ఇళ్లలో టీవీ ఉందని ప్రేక్షక పరిశోధన మండలి (బార్క్) అంచనా. అప్పట్లో మీటరు ఉన్న ఇళ్లు సుమారు 44 వేలు. సగటున ఒక ఇల్లు దాదాపు 4,800 ఇళ్ల తరఫున సాక్ష్యం చెప్పినట్లయింది. నమూనా శాస్త్రబద్ధమైనదైతే ఇందులో తప్పు లేదు. అయితే ఆ సాక్ష్యం “ఫలానా వేళ ఫలానా చానల్ నడిచింది” అన్నంత మేరకే.

మరొక సంగతి ఈ ప్రాంతానికి మరింత ముఖ్యం. గ్రామీణ ప్రేక్షకులను బార్క్ తన లెక్కలో చేర్చింది 2015 అక్టోబరులో. అంతకు ముందు రేటింగు ప్రధానంగా నగరాలు, పట్టణాల లెక్క. అంటే పైన పేర్కొన్న ‘అమృతం’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ మూడూ గ్రామాలు లెక్కలోకి రాకముందే ముగిసిపోయాయి. తెలుగు ధారావాహికకు పేరు తెచ్చిన దశాబ్దంలో కొల్లేటి లంకలో కూర్చుని చూసినవారి ఇష్టానికి రేటింగులో చోటు లేదు. పాత కార్యక్రమాలను గురించి ఆ తరం గ్రామీణ ప్రేక్షకుల జ్ఞాపకం ఒక్కటే ఇప్పుడు మిగిలిన ఆధారం. ఆ తరం పెద్దవయసుకు చేరుతున్నది.

4. ఓటు, వ్యాఖ్య:

2017లో స్టార్ మాలో మొదలైన తెలుగు ‘బిగ్ బాస్’ ప్రేక్షకుని చేతికి ఓటు ఇచ్చింది. యూట్యూబ్‌లో ధారావాహిక భాగం కింద రాసే వ్యాఖ్య మరొక మార్గం. పోస్టుకార్డుకు పట్టే రోజులు దీనికి పట్టవు, అభిప్రాయం అక్కడికక్కడే నమోదవుతుంది. ‘అమృతం’ ప్రసారమైనప్పుడు పుట్టనివారు కూడా నేడు దాన్ని ఫోనులో చూసి అభిప్రాయం చెప్పగలుగుతున్నారు. ఒకరే ఎన్నో వ్యాఖ్యలు రాయడం, అభిమాన బృందాలు మూకుమ్మడిగా ఓటు వేయడం ఇందులోని చిక్కులు. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటే అభిప్రాయం వారిదే అవుతుంది.

5. ప్రేక్షకుల విమర్శ పదజాలం:

సాహిత్య విమర్శకు పరిభాష ఉన్నట్లే టీవీ ప్రేక్షకులకూ సొంత పరిభాష ఉంది. దాన్ని పట్టించుకోకుండా “బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు” అనే మూడు గడుల ప్రశ్నావళి పంచితే అసలు సరుకు చేజారిపోతుంది. మచ్చుకు మూడు మాటలు చూద్దాం.

సాగదీత: ధారావాహికల మీద తరచుగా వినిపించే ఆరోపణ ఇదే. 2017 నుంచి 2023 వరకు 1,500కు పైగా భాగాలుగా సాగిన ‘కార్తీకదీపం’ ఇందుకు ఉదాహరణ. మలయాళ ‘కరుత్తముత్తు’ ఆధారంగా వచ్చిన ఈ కథలో నాయిక దీప ‘వంటలక్క’గా ఇంటింటి మనిషి అయింది. సాగదీశారని విసుక్కున్నవారు దాన్ని వదల్లేదు, దాని కొనసాగింపు 2024లో మొదలైంది. అంటే సాగదీత అనే మాట తిరస్కారాన్ని సూచించదు. పాత్ర మీద మమకారం ఉండి, కథనం మీద ఓపిక నశించినవారు అనే మాట అది.

కాలక్షేపం: “ఏదో కాలక్షేపానికి చూస్తాం” అనడంలో కార్యక్రమాన్ని తక్కువ చేసే ధోరణి ఉంది. హరికథా కాలక్షేపం అన్నప్పుడు ఇదే మాట భక్తితో, గౌరవంతో కూడినది. పది మందీ ఒకచోట చేరి పొద్దు సార్థకం చేసుకోవడం పాత అర్థం. పొద్దు ఎలాగో గడవడం నేటి అర్థం. చెప్పేవారు ఏ అర్థంలో వాడుతున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఇంటిల్లిపాదీ: పాత కార్యక్రమాల మెప్పులో కీలకమైన మాట ఇది. “ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లం” అంటారు. వాక్యం కార్యక్రమం గురించి చెబుతున్నట్లే ఉంటుంది గాని, అందులో ఉన్నది చూసిన తీరు. 1987 జనవరి 25న ప్రారంభమైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ఆదివారం ఉదయం వచ్చేది. హిందీ రానివారికీ కథ తెలిసినదే కనుక భాష అడ్డు కాలేదు. వీధికి ఒకటో రెండో టీవీలున్న కాలంలో చూడడమంటే ఎవరో ఒకరి ఇంటికి వెళ్లడం. 2020 మార్చి 28న అదే ‘రామాయణ్’ను మళ్లీ ప్రసారం చేసినప్పుడు కరోనా కట్టడి వల్ల అందరూ ఇళ్లలోనే ఉన్నారు. ఆ ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. ధారావాహిక అదే. ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండే పరిస్థితి తిరిగి ఏర్పడడం ఆ ఆదరణకు ఒక ముఖ్య కారణం.

6. వీక్షణ పరిస్థితి – మూడు స్థలాలు:

కొల్లేరు ప్రాంతంలో చేపల పట్టుబడి, తూకం, ఐసు వేసి లారీలకెత్తడం పొద్దున్న పది గంటలకు మొదలయ్యే పనులు కావు. తెల్లవారుజామునే చెరువు గట్టు మీద ఉండవలసినవారికి రాత్రి 9 గంటల ధారావాహిక నిద్రవేళలో పడుతుంది. గట్టు మీద పాకలో కాపలా ఉండే మనిషికి ఫోనే టీవీ. వరద కాలంలో ఏలూరు–కైకలూరు రహదారి మీదకు నీరు చేరినప్పుడు ఇదే తెర వినోదాన్ని పక్కకు నెట్టి సమాచార సాధనమవుతుంది.

తాడేపల్లిగూడెం వర్తక కేంద్రం, ఉల్లి మార్కెట్టుకు పేరు పొందిన ఊరు. దుకాణంలో మోగుతూ ఉండే టీవీని యజమాని, గుమస్తా, హమాలీ, కొనుగోలుదారు అందరూ కొంచెం కొంచెం చూస్తారు. అక్కడ చానల్ ఎంచేది ఒకరు, అభిప్రాయం చెప్పేది పదిమంది. ఇదే ఊళ్లో హాస్యనటుడు రేలంగి వెంకటరామయ్య తన పేరిట చిత్రమందిరం కట్టించాడు. రేలంగి నటించిన పాత చిత్రాలు టీవీలో వచ్చినప్పుడు ఇక్కడివారు చెప్పే అభిప్రాయంలో ఊరి అభిమానం పాలెంతో కూడా చూడాలి.

తివాచీలకు పేరుపొందిన ఏలూరులో పరిస్థితి వేరు. ఒకే ఇంట్లో ముందు గదిలో పెద్దవారి ధారావాహిక, లోపలి గదిలో పిల్లల ఫోను ఏకకాలంలో నడవడం నగర కుటుంబాల్లో మామూలైంది. “ఇంటిల్లిపాదీ” అనే ప్రమాణం దెబ్బతిన్నది ఇక్కడే. దానికి కార్యక్రమాల నాణ్యతను ఒక్కదాన్నే బాధ్యురాలిని చేయడం సరికాదు.

7. తెర మీద సొంత ఊరు:

వినోదం మీద అభిప్రాయం రుచికి సంబంధించినది. వార్తల మీద అభిప్రాయంలో గౌరవ ప్రశ్న ఉంటుంది. 2003–2004లో ఈటీవీ–2, టీవీ–9 వార్తా చానళ్లు వచ్చాయి. 2006లో కొల్లేరు అభయారణ్య పరిధిలోని చేపల చెరువుల గట్లను తొలగించారు. 1999లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లకు పైబడినది, 2002లో రామ్‌సర్ గుర్తింపు కూడా పొందింది. ఒకే దృశ్యం చెరువు యజమానికి నష్టం, కూలికి పని పోవడం, సరస్సులో వేట మీద బతికే సంప్రదాయ మత్స్యకారునికి మరొకటి, పక్షిప్రేమికునికి ఊరట. ఈ నలుగురిని “ఆ వార్తలు న్యాయంగా చూపారా?” అని అడిగితే నాలుగు భిన్నమైన జవాబులు రావచ్చు. వాటి సగటు తీసినంత మాత్రాన అభిప్రాయం తేలదు.

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయి 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కొందరి రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ‘వింతవ్యాధి’ అనే పేరు దేశమంతటా వినిపించింది. దూరాన ఉన్నవారికి అదొక వార్త. ఆ వీధుల్లో ఉన్నవారికి తాము తాగే నీటిని, తమ ఊరి పేరును గురించిన మాట. అటువంటి ప్రసారాన్ని ఎంతమంది చూశారన్న లెక్క దాని ప్రభావాన్ని ఏమాత్రం చెప్పదు.

8. అధ్యయనానికి సూచనలు:

పై చర్చ ఆధారంగా ఈ ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేయదలచినవారు పాటించదగిన పద్ధతులు ఇవి:

(అ) “ఏది బాగుంది?” అని అడిగే ముందు “ఎక్కడ, ఎవరితో, ఏ వేళ చూశారు? చానల్ మార్చే అధికారం ఎవరిది?” అని అడగాలి.
(ఆ) నాటి కార్యక్రమాన్ని జ్ఞాపకం మీద మెచ్చుకున్నవారికి అందుబాటులో ఉన్న ఒక భాగాన్ని మళ్లీ చూపి, అప్పుడు చెప్పిన మాటను విడిగా నమోదు చేయాలి.
(ఇ) చెప్పిన మాటనూ చూసే అలవాటునూ రెండు వరుసల్లో రాసుకోవాలి. వాటి మధ్య తేడాను అబద్ధంగా భావించరాదు.
(ఈ) ప్రేక్షకులు వాడే విమర్శ పదాలను యథాతథంగా, మాండలిక రూపం మార్చకుండా సేకరించాలి.
(ఉ) 1980, 1990 దశకాల గ్రామీణ ప్రేక్షకులకు, ముఖ్యంగా ఉత్తరం రాసే అవకాశం లేని స్త్రీలకు, మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి.

9. ముగింపు:

“పాతవి మేలు” అనే తీర్పును కేవలం పాత మీది మోజుగా కొట్టివేయడం గాని, నేటి కార్యక్రమాల పతనానికి రుజువుగా స్వీకరించడం గాని తొందరపాటే. ఆ తీర్పులో కార్యక్రమపు గుణంతో పాటు కలిసి చూసిన మనుషులు, పని వేళలు, ఇంటి అమరిక కూడా ఉన్నాయి. ఉత్తరం చదువుకున్నవారి మాటను, మీటరు ఎంపికైన ఇంటి అలవాటును, ఓటు ఫోనున్నవారి ఇష్టాన్ని భద్రపరిచాయి. లంక గ్రామపు తొలితరం ప్రేక్షకుల మాట ఈ మూడింటిలోనూ సరిగా చేరలేదు. దాన్ని సేకరించడానికి పెద్ద యంత్రాంగం అవసరం లేదు. స్థానిక కళాశాలల తెలుగు శాఖలు, విద్యార్థులు తమ ఇళ్లలోని అమ్మమ్మలు, తాతయ్యలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఆలస్యమైతే తెలుగు టెలివిజన్ చరిత్ర చానళ్ల చరిత్రగానే మిగిలిపోతుంది.