పెరట్లో దొరికిన అణా

కిందటి వేసవి సెలవులకు మా మేనల్లుడు యలహంకలోని మా యింటికి వస్తూ, బట్టల సంచితోపాటు పొడుగాటి అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు. "ఏమిట్రా అది, చేపల గాలమా?" అని అడిగాను. "కాదు మామా, భూమిలో ఉన్న లోహాన్ని కనిపెట్టే యంత్రం" అన్నాడు. పెట్టె విప్పి చూస్తే చేతికర్ర వంటి కడ్డీ, దాని కొసన పళ్ళెం వంటి చుట్ట, పైన చిన్న మీటల డబ్బీ ఉన్నాయి. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి ఒకసారి చూచి, "లంకెబిందెలు దొరికితే ముందు ఈ వంటింటి కప్పు బాగుచేయించండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

దాన్ని మెటల్ డిటెక్టరు అంటారు. విమానాశ్రయంలో మన జేబులు తడిమే యంత్రానికి ఇది వేలు విడిచిన చుట్టం. పళ్ళెంలోని తీగచుట్టలో విద్యుత్తు దిశ మార్చుకుంటూ ప్రవహించి నేలలోకి అయస్కాంత శక్తిని పంపుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుళ్ళు పుడతాయి. ఆ సుళ్ళ జాడను రెండో చుట్ట పసిగట్టి కుయ్యిమని కూస్తుంది. చిన్న నాణెమైతే సుమారు జానెడు లోతు వరకు తెలుస్తుంది. ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డుపై కాల్పులు జరిగినప్పుడు, ఆయన ఒంట్లోని గుండును వెదకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఇటువంటి పరికరాన్నే పట్టుకుపోయాడు. గుండు దొరకలేదు. మంచంలోని ఇనుప స్ప్రింగులు కూడా యంత్రాన్ని తికమక పెట్టాయని చెబుతారు. తరువాత రెండవ ప్రపంచ యుద్ధంలో, నేలలో పాతిన మందుపాతరలు వెదకడానికి సైన్యాలు దీన్ని వాడాయి. యుద్ధం ముగిశాక కొన్ని దేశాలలో ఇది పాత నాణేలు, బొత్తాములు వెదికే వినోదంగా మారింది.

"చెరువుకట్ట మీదికి, పాత ఊరి గుళ్ళ చుట్టుపక్కలకి పోదాం మామా. ఇది కెంపేగౌడ ఊరు గదా, ఏదో ఒకటి తగలకపోదు" అని వాడి ఉబలాటం.

వాడన్నది అబద్ధం కాదు. విజయనగర రాయలకు సామంతులుగా యలహంక నాడును ఏలిన వంశంవాడే మొదటి కెంపేగౌడ. 1537లో బెంగళూరు కోటకు పునాది వేసినవాడు. మన తెలుగువారికి ఆయన మరో విధంగా కూడా దగ్గరివాడే. గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం ఆయన రచనేనని ప్రతీతి. 2022లో విమానాశ్రయం దగ్గర ఆయనకు 108 అడుగుల విగ్రహం నిలిపారు. ఐతే ఆ మహానుభావుడు చెర అనుభవించడానికి కారణం ఒక నాణెమేనని ఎందరికి తెలుసు? రాయలవారి అనుమతి లేకుండా భైరవదేవుని పేర సొంత నాణేలు వేయించాడని, అందుకు ఆయనను ఆనెగొందిలో ఐదేళ్ళు బంధించారని ఇక్కడి కథనం. నాణెం వేయడమంటే ఈ నేల నాది అని చాటడం. సామంతుడు ఆ మాట అంటే చక్రవర్తి ఊరుకుంటాడా?

ఈ కథ చెప్పి, "కనుక అబ్బాయ్, పరాయి నేల మీద నువ్వూ నేనూ గునపం వేయరాదు. చెరువుకట్ట మనది కాదు, గుడి మనది కాదు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వితే 1958 చట్టం ప్రకారం నేరం. మన పెరడు మనది, అక్కడ ఆడించుకో" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది గాని మాట విన్నాడు.

మూడు రోజులు పెరడంతా కూతలే కూతలు. మొదటి రోజు దొరికినవి సోడా మూతలు, తుప్పు మేకులు, రాగి తీగ ముక్క, పిల్లకాయల బొమ్మ మోటారు చక్రం. రెండవ రోజు ఏదో పాత కోటుకు ఉండిన ఇత్తడి బొత్తాము, ఆ పక్కనే చిల్లి కానీ ఒకటి. యుద్ధకాలంలో లోహానికి కరువొచ్చి, 1943 నుండి 1947 వరకు నడుమ చిల్లు పెట్టి వేసిన కానీ అది. మా చిన్నప్పుడు అవ్వ వాటిని దారానికి గుచ్చి ఇచ్చేది. మూడవ రోజు సాయంత్రం కరివేపాకు చెట్టు మొదట యంత్రం గట్టిగా కూసింది. తాపీతో మట్టి తీస్తే అంచు వంకులు తిరిగిన చిన్న నాణెం బయటపడింది. నీళ్ళలో ముంచి చూశాం. 1919. ఒకవైపు ఐదవ జార్జి. రెండవవైపు తిప్పి మా వాడు కేక పెట్టాడు. "మామా! తెలుగు!"

అవును, 'ఒక అణా' అని తేట తెలుగులో ఉన్నది. ఆ కాలపు అణాల మీద హిందీ, ఉర్దూ, బెంగాలీ లిపులతో పాటు మన తెలుగు లిపికి చోటిచ్చారు. అంతకు ముందు 1807లో కుంపిణీ వారు మద్రాసులో వేసిన వెండి వరహాల మీద కూడా తెలుగు, తమిళ అక్షరాలున్నాయి. బెంగళూరులో పుట్టి, కన్నడంలో చదివి, తెలుగు ఇంట్లో మాట్లాడడానికే గాని చదవడానికి బద్ధకించే మా వాడు, ఆ నాలుగు అక్షరాలను కూడబలుక్కుని చదవడం చూస్తే నాకు ఏ వరహా దొరికినా అంత సంతోషం కలిగేది కాదు. అణా అంటే ఏమిటి, రూపాయికి ఎన్ని అణాలు, బేడ అంటే ఎంత, పావలా అన్న మాట ఎక్కడిది అని ఆ రాత్రి భోజనాల దగ్గర పాఠమే జరిగింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. అందుకే ఈనాటికీ మనం 'పదహారణాల తెలుగు పిల్ల' అంటాం.

ఆ భోజనాల దగ్గరే, చాలా ఏళ్ళుగా నోరు విప్పని సంగతి ఒకటి నేను చెప్పవలసి వచ్చింది.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఈ పెరట్లోనే బావి తవ్వించారు. మనిషి లోతున కూలివాళ్ళకు ఒక మట్టి ముంత తగిలింది. అందులో నల్లబడిన చిన్న చిన్న వెండి బిళ్ళలు. తాతగారు ఎవరికీ చెప్పవద్దని కూలివాళ్ళకు తలా ఇంత ముట్టజెప్పి, ముంతను చీర కొంగుచాటున లోపలికి పంపారు. ఆ నెలలోనే మేనత్త పెళ్ళి. బిళ్ళలన్నీ కంసాలి కుంపట్లోకి వెళ్ళి పట్టీలై వచ్చాయి. ముంత పగిలిపోయింది. మిగిలినది అవ్వ మాట ఒక్కటే: "ఎవరో మీసాలు లేని తల ఉండేది రా వాటి మీద." అది విక్టోరియా రాణి తలా? మరెవరిదైనా కావచ్చునా? ఇక ఎవరూ చెప్పలేరు. తాతగారిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఆడపిల్ల పెళ్ళి, చేతిలో డబ్బు లేదు. కాని ఆ పట్టీలు చూచినప్పుడల్లా మనసులో ఏదో కలుక్కుమనేది.

ఎందుకంటే, మనకు ఎంతో దూరంలో లేని యశ్వంతపురంలో 1891లో రైలు దారికి మట్టి తవ్వుతుంటే ఒక కుండలో 163 రోమను వెండి నాణేలు దొరికాయి. వాటి మీద ఉన్నవి అగస్టస్, టైబీరియస్, క్లాడియస్ చక్రవర్తుల తలలు. మీసాలు లేని తలలే! క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో మన మిరియాలకు, బట్టలకు, రత్నాలకు రోము నగరం వెండి బంగారాలు గుమ్మరించేది. ఇండియా ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటున్నదని అక్కడి ప్లినీ పండితుడు గుండెలు బాదుకున్నాడు. ఆ సొమ్ములో కొంత ఈ మిట్టప్రాంతానికి కూడా చేరిందని మనకు తెలిసింది ఆ కుండ వల్లనే. ఆ కుండ కూడా కుంపట్లో పడి ఉంటే, బెంగళూరు చరిత్రలో ఆ పుట ఉండేదే కాదు.

ఇటువంటిదే మన నెల్లూరు కథ. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంత, ముంత నిండా బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫౌస్టీనా రాణివి. కొన్ని టంకశాల నుండి అప్పుడే వచ్చినట్లు మెరుస్తున్నాయట. కొన్నింటికి ఆభరణాలుగా ధరించడానికి చిల్లులు పొడిచి ఉన్నాయట. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా భాగం కరిగిపోయాయి. నవాబు అమీర్-ఉల్-ఉమరా చేతికి వచ్చిన ముప్పై చిల్లర మాత్రం మిగిలాయి. అలెగ్జాండర్ డేవిడ్సన్ అనే ఆంగ్లేయ అధికారి వాటిని చూచి వ్రాసిన ఉత్తరం, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటంలో అచ్చయింది. ఆ ఉత్తరమే లేకపోతే ఆ ముంత సంగతి మనదాకా వచ్చేదా?

దీనికి మరో పక్కన ఇంగ్లండు కథ ఒకటి చూడండి. 1992లో హాక్సన్ అనే పల్లెలో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. డిటెక్టరు ఉన్న స్నేహితుణ్ణి వెదికిపెట్టమన్నాడు. సుత్తికి బదులు బంగారు, వెండి నాణేలు, వెండి గరిటెలు పైకి రాసాగాయి. ఆ స్నేహితుడు ఆశపడి చివరిదాకా తవ్వుకోలేదు. మధ్యలోనే ఆపి అధికారులకు కబురు పెట్టాడు. మరునాడు పురావస్తు శాఖవారు వచ్చి, ఏ వస్తువు దేని పక్కన ఉన్నదో గుర్తించి మరీ తీశారు. దాదాపు 15,000 రోమను నాణేలు! పెట్టెలో ఏ మూల ఏమి పెట్టారో కూడా తెలిసింది. సుత్తి కూడా దొరికింది. నాణేలతో పాటు అదీ బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. కనుగొన్నవారికి ప్రతిఫలమూ ముట్టింది.

ఈ మూడు కథలలోనూ యంత్రం కన్నా, బంగారం కన్నా ముఖ్యమైనది ఒకటున్నది. అది చోటు. ఒంటి నాణెం ఏ రాజు వేయించాడో మాత్రమే చెబుతుంది. అది ఉన్న కుండ, పక్కన ఉన్న తోటి నాణేలు, ఎంత లోతు, ఏ గోడ దగ్గర అన్నవి కలిస్తేనే, దాన్ని ఎవరు, ఎప్పుడు దాచారో తెలిసేది. ముంతలోని నాణేలలో అన్నిటికన్నా కొత్తది ఏదో చూస్తే, దానికి తరువాతే దాచారని తేలుతుంది గదా! ఒక్క నాణెం జారిపోయినా ఆ లెక్క తప్పుతుంది.

మన చట్టం అడిగేదీ ఇదే. 1878 నాటి నిధి చట్టం ప్రకారం, పది రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికినవారు ఏమి, ఎంత, ఎక్కడ, ఏనాడు దొరికిందో కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలపాలి. కర్ణాటకలో 1962 నాటి ప్రత్యేక చట్టం కూడా ఉన్నది. దాచినవారికి శిక్ష ఉన్నది. మరో మాట. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువే. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. తాతగారి గుర్తు కదా అని పాత కాసు ఒకటి వాళ్ళ పెట్టెలో వేసి పంపుదామనుకుంటాం. అది తప్పు. దేశం దాటించరాదు.

ఇంటి ఆడవారికి కూడా ఒక మనవి. పాత నాణెం కనబడితే చింతపండు పెట్టి తోమకండి. ఆ నల్లదనమే దానికి కవచం. తోమితే అక్షరాలూ పోతాయి, వయసూ పోతుంది. కాగితపు కవరులో వేసి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో దాని మీద వ్రాసి ఉంచండి. అంతే చాలు.

మా వాడిప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాడు. పెరటి పటం గీసి, బొత్తాము ఎక్కడ, చిల్లి కానీ ఎక్కడ, అణా ఎక్కడ అని చుక్కలు పెట్టాడు. బావి ఉన్నచోట ఒక సున్నా చుట్టి, లోపల ప్రశ్నార్థకం వేశాడు. నేనేమీ అనలేదు.

ఈనాడు యలహంక చుట్టూ ప్రతి వీధిలోనూ పునాదులు తవ్వుతున్నారు. మా బావి కూలివాళ్ళ గునపం కన్నా పెద్ద యంత్రాలవి. ఒక్క ముద్దలో ముంతనూ మట్టినీ కలిపి లారీలో పోసేస్తాయి. ఇల్లు కట్టించే మన సభ్యులు రోజుకొకసారి ఆ గుంట దగ్గర నిలబడి చూడండి. కుండ పెంకు గాని, నాణెం గాని కనిపిస్తే పని ఒక పూట ఆపించండి. ఒక పూట ఆలస్యంతో మునిగిపోయేదేమీ లేదు.

అలాగే మీ అవ్వల పెట్టెల్లో, పోపుల డబ్బాల అడుగున పాత నాణేలు ఉంటే తీసి చూడండి. వాటి కథ తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి వ్రాసుకోండి. మా అవ్వను నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే, ఆ మీసాలు లేని తల ఎవరిదో ఈపాటికి మీకు చెప్పగలిగేవాణ్ణి.