ఢిల్లీ – టోక్యో: దూరమును, కాలమును గూర్చిన అపోహలు

రాత్రి 8 గంటలకు ఢిల్లీలో బయలుదేరిన విమానము మరునాటి ఉదయము 7 గంటలకు టోక్యోలో దిగుననియు, మధ్యాహ్నము 12 గంటలకు అచట లేచినది సాయంకాలము 6 గంటలకే ఢిల్లీ చేరుననియు టిక్కెట్టుపై నున్నదనుకొందము. చూచినవాడు, పోవుటకు 11 గంటలు, వచ్చుటకు 6 గంటలు అని లెక్కగట్టి, భూమి తూర్పునకు తిరుగుచున్నది గావున పడమటికి మరలిన విమానమునకు ఢిల్లీయే ఎదురువచ్చుచున్నదని నిశ్చయించుకొనును. ఇందు రెండు పొరపాట్లు ఒకదానికొకటి ఊతమై నిలిచినవి. కావుననే ఈ అపోహ యింత దృఢముగ పాతుకొన్నది.

టిక్కెట్టుపై ముద్రించునది ఆయా ఊళ్ల గడియారపు వేళ. జపాను గడియారము మనకంటె మూడున్నర గంటలు ముందుండును. ఆ వ్యత్యాసమును సవరించినచో పోవుటకు ఏడున్నర గంటలు, వచ్చుటకు తొమ్మిదిన్నర గంటలు తేలును. త్వరగా ముగిసినట్లు తోచిన తిరుగు ప్రయాణమే నిజమునకు దీర్ఘమైనది!

ఇక భూభ్రమణము. భూమధ్యరేఖ కడ నేల గంటకు సుమారు 1,670 కి.మీ. వేగమున తిరుగుచున్నను, వాతావరణము కూడ నేలతో పాటే తిరుగుచున్నది. అట్లుగాక గాలి నిలిచియుండి నేల మాత్రమే తిరిగినచో, నిరంతర ప్రభంజనమునకు చెట్టుగాని యిల్లుగాని నిలువజాలదు. రన్‌వేపై నిలిచియున్న విమానమునకు సైతము ఆ తూర్పు గమనము సహజముగ నుండనే యున్నది.

ప్రయాణకాల భేదమునకు అసలు కారణము, సుమారు 9 మొదలు 12 కి.మీ. ఎత్తున పడమటి నుండి తూర్పునకు ప్రవహించు జెట్ వాయుధార. శీతకాలమున జపానుపై నిది ఒక్కొక్కప్పుడు గంటకు 300 కి.మీ. దాటును. 1920వ దశకమున జపానులోని టటెనో పరిశీలనాలయమున వాసబురో ఓయిషి అను శాస్త్రజ్ఞుడు బుడగలను విడిచి, దుర్భిణితో వాని గమనమును గుర్తించుచు ఈ గాలిని కనుగొని, సర్వదేశముల వారికి తెలియవలెనను ఆశతో 1926లో ఎస్పెరాంటో అను కృత్రిమ అంతర్జాతీయ భాషలో ప్రకటించెను. ఆ భాష నెరిగినవారు స్వల్పసంఖ్యాకులగుటచే అంతటి కృషి దాదాపు మరుగుననే యుండిపోవుట నాకు మిక్కిలి విచారకరముగ తోచును. 1944 చివర టోక్యోపైకి వచ్చిన అమెరికా బాంబరులు ఈ గాలిలో చిక్కి గురి తప్పినవి. గంటకు 900 కి.మీ. వేగముగల విమానమునకు 150 కి.మీ. గాలి తోడైనచో నేలను బట్టి దాని వేగము 1,050 కి.మీ.; ఎదురైనచో 750 మాత్రమే. వేసవిలో ఈ ధార బలహీనపడి ఉత్తరమునకు జరుగును గావున భేదము తగ్గును.

దూరము విషయమునను భ్రాంతి గలదు. గోళముపై అతి దగ్గరి మార్గము పటముపై గీచిన సరళరేఖ గాదు. అది టిబెట్టు, ఉత్తర చైనా, కొరియాల మీదుగ వంగి సాగు సుమారు 5,900 కి.మీ. చాపము. అయినను విమానములు సాధారణముగ టిబెట్టును తప్పించుకొనును. హిమాలయముల ఎత్తు నధిగమింపలేకయని పలువురు తలంతురు. కాని ఎవరెస్టు 8,849 మీటర్లే, విమానము అంతకంటె పైననే పోగలదు. భయము వేరొకటి: లోపలి వాయుపీడనము అకస్మాత్తుగ పడిపోయినచో, ముసుగుల ప్రాణవాయువు కొలది నిమిషములలో తీరిపోవును గనుక, విమానము వెంటనే సుమారు 3,000 మీటర్లకు దిగవలెను, టిబెట్టు పీఠభూమియో సగటున 4,500 మీటర్ల ఎత్తున నున్నది, దిగుటకు చోటెక్కడ? అందుచే ఢిల్లీ విమానములు తరచుగ ఆగ్నేయముగ వంగదేశము, బర్మా, యున్నాన్ల మీదుగ తిరిగి, వందలకొలది కిలోమీటర్లు అదనముగ పయనించి జపాను చేరుచున్నవి.